అంగన్‌వాడీ కేంద్రాల బాధ్యత తీసుకున్నవారు ముందుగా కాపాడవలసింది టీచరు సమయాన్ని

ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మండలంలోని ఇరవై రెండు అంగన్‌వాడీ కేంద్రాలలో శిశు వికాస కార్యక్రమాన్ని నడిపించే బాధ్యత మీకు అప్పగించారని, సోషల్ వర్క్ చదివినా చిన్నపిల్లలతో పనిచేసిన అనుభవం లేదని, ఏ సూత్రాలను పట్టుకుని నడవాలో చెప్పమని మీరు రాశారు. మూడు నెలల్లో ఫలితం చూపించమని సంస్థ అడుగుతోందని కూడా అన్నారు. నేను అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం ఐసీడీఎస్‌ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు)లో పదమూడేళ్లు సూపర్‌వైజరుగా, తరువాత పదకొండేళ్లు ప్రాజెక్టు అధికారిగా, మైదాన మండలాలలోనూ ఏజెన్సీలోనూ (గిరిజన ప్రాంతంలో) పనిచేసి పదవీ విరమణ చేశాను. నా సమాధానం కొంత దీర్ఘంగానే ఉంటుంది.

కార్యక్రమ పత్రాలలో మీకు ఎన్నో సూత్రాలు కనిపిస్తాయి. అవి తప్పు కావు, కానీ ఉదయం పదింటికి ఒక కేంద్రం గడప దాటినప్పుడు ఏది ముందు, ఏది వెనుక అనేది అవి చెప్పవు. నేను మాత్రం ఒక్క ప్రశ్ననే కొలతగా పెట్టుకున్నాను: కేంద్రం తెరిచి ఉన్న గంటలలో టీచరు గానీ ఆమెకు సహాయంగా ఉండే ఆయా గానీ పిల్లల మధ్య కింద కూర్చుని, వాళ్లతో మాట్లాడుతూ, వాళ్లు చెప్పేది వింటూ, వాళ్లతో ఆడుతూ గడిపిన నిమిషాలు ఎన్ని? నిర్వాహకులుగా మీరు తీసుకునే ప్రతి నిర్ణయమూ ఆ నిమిషాలను పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది.

ఇది నా అభిరుచి మాత్రమే కాదనడానికి రెండు నిదర్శనాలు చెబుతాను. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1986-87లో, వయసుకు తగిన ఎత్తు పెరగని 129 మంది పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలైంది. అప్పటికి వాళ్ల వయసు 9 నుంచి 24 నెలలు. ఆరోగ్య కార్యకర్తలు కొందరు పిల్లల ఇళ్లకు వారానికి ఒకసారి వెళ్లి, గంటసేపు కూర్చుని, ఇంట్లోనే చేసుకోగల బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లికి చూపించేవారు. ఇలా రెండేళ్లు సాగింది. ఇరవై ఏళ్ల తరువాత చూస్తే, ఆ సందర్శనలు అందిన పిల్లల సంపాదన అవి అందని వారికంటే సుమారు 25 శాతం ఎక్కువగా ఉంది. పోషకాహారం మాత్రమే అందుకున్న పిల్లలలో అంతకాలం నిలిచిన ప్రయోజనం కనిపించలేదు. 129 అనేది చిన్న సంఖ్యే, దానిమీద అంతకు మించిన భారం మోపకూడదు. అయినా పంపిణీయే ప్రధానమైపోయిన మన కేంద్రాలను నడిపేవారు ఈ విషయాన్ని మనసులో ఉంచుకోవాలి.

రెండవది మన పక్క రాష్ట్రంలోనిది. కార్తీక్ మురళీధరన్ తదితర ఆర్థికవేత్తలు తమిళనాడులోని 320 కేంద్రాలలో చేసిన అధ్యయనంలో, కొన్ని కేంద్రాలకు సగం పూట పనిచేసే అదనపు కార్యకర్తను ఇచ్చి, ఆమెకు పూర్వ ప్రాథమిక విద్య తప్ప మరే పనీ అప్పగించలేదు. ఏడాదిన్నరలో ఆ కేంద్రాల పిల్లలు భాషలోనూ లెక్కలలోనూ ముందుకు వెళ్లారు. అక్కడ ఎత్తు పెరగని పిల్లలు, తీవ్ర పోషణ లోపం ఉన్న పిల్లలు కూడా తగ్గారు, ఎందుకంటే పాత కార్యకర్తకు ఆరోగ్య, పోషణ పనులకు తీరిక దొరికింది. మన టీచర్లకు నైపుణ్యం లేదని శిక్షణలు పెంచుకుంటూ పోయేవారు ఇది గమనించాలి. చాలా చోట్ల లోపించింది నైపుణ్యం కాదు, సమయం.

అందుకని మీ మొదటి నెల ఏ కొత్త పనీ ప్రారంభించకండి. ఐదారు కేంద్రాలను ఎంచుకుని, ఒక్కొక్క దాంట్లో తలుపు తీసినప్పటి నుంచి తాళం వేసేదాకా కూర్చోండి. పది నిమిషాలకొకసారి టీచరు ఏమి చేస్తున్నారో, ఆయా ఏమి చేస్తున్నారో, పిల్లలు ఏమి చేస్తున్నారో రాసుకోండి. ఇది తనిఖీ కాదని, టీచరు మీద పడుతున్న పని ఎంతో తెలుసుకోవడానికేనని ముందే చెప్పి, రాసిన కాగితాన్ని సాయంత్రం ఆమెకే చూపించండి. నేను ఒకసారి ఇలా కూర్చున్న కేంద్రంలో నాలుగు గంటలలో పిల్లలతో గడిచింది ముప్పై ఐదు నిమిషాలు. ఆ టీచరు ఒక్క నిమిషం కూడా ఖాళీగా లేరు. గుడ్ల లెక్క, బియ్యం స్టాకు, ఫోనులో హాజరు, సిగ్నల్ కోసం బయటికి రావడం, టీకాల జాబితా కోసం వచ్చిన ఏఎన్ఎంతో మాట్లాడడం, సరుకులకు వచ్చిన గర్భిణుల సంతకాలు, వీటితోనే పొద్దు గడిచిపోయింది. ఆమెను తప్పు పట్టడానికి నాకు ఏ కారణమూ కనిపించలేదు.

ఇక్కడ మీరు మీ సంస్థతో గట్టిగా మాట్లాడవలసి ఉంటుంది. 2021 నుంచి కేంద్రం వివరాలు ఫోనులో ఎక్కించే పోషణ్ ట్రాకర్ అనే యాప్ ఉంది, దానికి తోడు రిజిస్టర్లు ఉన్నాయి, ఆపైన మీ సంస్థ తన సొంత నమూనా పత్రం ఒకటి పంపుతుంది. మీకు కావలసిన అంకె టీచరు ఇప్పటికే ఎక్కడో ఒకచోట రాస్తున్నారేమో చూడండి, ఉంటే మీరే వెళ్లి అక్కడి నుంచి ఎక్కించుకోండి. కొత్తది తప్పనిసరి అయితే పాతది ఒకటి తీసేయించండి. నేను సూపర్‌వైజరుగా ఉన్న తొలి రోజులలో, ఏ రోజు ఏ కృత్యం చేయించారో రాయమని అన్ని కేంద్రాలకూ ఒక పుస్తకం ఇచ్చాను. మూడు నెలలకు అన్ని పుస్తకాలూ చక్కగా నిండాయి, అన్నింటిలోనూ దాదాపు ఒకే రకమైన వాక్యాలు. రాయడానికి పట్టిన సమయం కృత్యానికి పట్టవలసిన సమయంలో నుంచే పోయిందని అర్థమై దాన్ని ఆపేశాను. మేలు చేద్దామనుకున్న నేనే పిల్లల నుంచి కొంత సమయాన్ని లాక్కున్నానని నేటికీ బాధపడుతుంటాను.

సమయం గురించి ఇంత చెప్పానని ఆహారం వెనక్కి పోవాలని అనుకోకండి. ఆకలితో ఉన్న పిల్ల ఆడదు, మాట్లాడదు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైన నాటి నుంచి అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, పోషణ విద్య, పూర్వ ప్రాథమిక విద్య అనే ఆరు సేవలనూ ఒకే చోట ఉంచడానికి కారణం అదే. 2023లో సవరించేదాకా, ఏడాదికి 300 రోజులు ఆరు నెలల నుంచి ఆరేళ్లలోపు బిడ్డకు రోజుకు 500 కిలో కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు, తీవ్ర పోషణ లోపం ఉన్నవారికి 800 కిలో కేలరీలు అందించాలన్నది లెక్కగా ఉండేది. సరుకు దిగిందా లేదా అనేది ప్రభుత్వ యంత్రాంగం చూస్తుంది. దిగిన సరుకు ఎవరి కడుపులోకి వెళ్లిందనేది ఎవరూ చూడరు, కనుక అది మీరు చూడండి. చంటిబిడ్డ కోసం ఇంటికి ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం పిండి ప్యాకెట్టు నలుగురు పిల్లలున్న ఇంట్లో నెలంతా ఉండదు. పెద్దపిల్లలు అడిగితే తల్లి పెట్టకుండా ఎలా ఉంటుంది? ఆమెను మందలిస్తే మరుసటి నెల నుంచి మనకు నిజం చెప్పడం మానేస్తుంది. చంటిబిడ్డకు పూటకు ఎన్ని చెంచాలు, ఎంత నీటిలో, రోజుకు ఎన్నిసార్లు అనేది ఆమె వంటింట్లో, ఆమె గిన్నెతోనే కలిపి చూపించడం ఎన్ని ఉపన్యాసాల కంటేనైనా మేలు.

బరువుల విషయంలో మీ మీద పెద్ద బాధ్యత ఉంది. కాటా సున్నా దగ్గర ఉందా, బిడ్డ ఒంటిమీద స్వెట్టరు, మొలతాడుకు కట్టిన తాళాలు తీశారా, రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలిచారా అనేవి చిన్న విషయాలు కావు. అయితే వీటన్నింటికంటే పెద్ద తప్పు కాటా దగ్గర జరగదు, సమీక్షా సమావేశంలో జరుగుతుంది. తీవ్ర పోషణ లోపం ఉన్న పిల్లలు మీ కేంద్రంలో ఐదుగురు ఎందుకున్నారని ఒక టీచరును పదిమందిలో నిలబెట్టి అడిగారనుకోండి, మరుసటి నెల ఆ ఐదుగురూ కాగితం మీద మామూలు పిల్లలైపోతారు. ఆ సమావేశంలో కూర్చున్న మిగతా టీచర్లందరి దగ్గరా కూడా అలాగే అవుతుంది. ఆ తరువాత ఆ బిడ్డకు అదనపు ఆహారం అందదు, పోషకాహార పునరావాస కేంద్రానికి పంపించేవారు ఉండరు. న్యుమోనియానో విరేచనాలో వచ్చినప్పుడు తట్టుకునే శక్తి ఆ ఒంట్లో ఉండదు. అంకెలు మెరుగుపడ్డాయని మనం సంతోషిస్తున్న నెలలోనే ఇది జరగవచ్చు. కనుక చెడ్డ అంకె తెచ్చిన టీచరును మెచ్చుకోండి. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే తీవ్ర పోషణ లోపం కింద లెక్క. ఆ టేపు ఒకటి మీ సంచిలో ఎప్పుడూ ఉండాలి. మీరు వెళ్లినచోట ఇద్దరు ముగ్గురు పిల్లలను టీచరుతో కలిసి మళ్లీ కొలవండి. తేడా వస్తే కొలిచే పద్ధతిని సరిదిద్దండి, దాన్ని నేరంగా చూడకండి.

మూడేళ్లలోపు పిల్లలు కేంద్రానికి రారు. రారు కనుక కార్యక్రమం వాళ్లను మరిచిపోతుంది, సరుకుల సంచీ ఇంటికి చేరితే వాళ్లకు చేయవలసింది చేసేశామనుకుంటుంది. గర్భంలో 270 రోజులు, పుట్టాక రెండేళ్లు కలిపితే వచ్చే వెయ్యి రోజులు ఎంత విలువైనవో మీరు చదివే ఉంటారు. ఆ రోజులన్నీ గడిచేది ఇంట్లోనే, అందువల్ల గృహ సందర్శనను మొక్కుబడిగా జరగనివ్వకండి. ఒక సందర్శనకు ఒకే విషయం పెట్టుకోమనండి. గిన్నె మీద గరిటెతో కొట్టి చూపిస్తే తొమ్మిది నెలల బిడ్డ ఏమి చేస్తుందో తల్లితో కలిసి చూడడం, బిడ్డ చేసిన శబ్దానికి తల్లి తిరిగి శబ్దం చేయడం, కొంగు చాటు చేసి దోబూచులాడడం, స్నానం చేయిస్తూ కాళ్లు, చేతులు, ముక్కు, చెవి అని పేర్లు చెప్పడం చాలు. ఆడుకోవడానికి చింతగింజలు, గోళీలు మాత్రం ఈ వయసులో ఇవ్వవద్దని గట్టిగా చెప్పాలి, అవి గొంతులో అడ్డుపడతాయి. మన పల్లెలలో తల్లి పొద్దున్నే కూలికి వెళుతుంది. పగలంతా బిడ్డను చూసేది నాయనమ్మో అమ్మమ్మో పెద్ద అక్కో కాబట్టి, సందర్శన ఎవరికోసమో ఆ మనిషి ఇంట్లో ఉండే వేళకే వెళ్లాలి. ఇందుకు టీచరు పనివేళలు సర్దవలసి వస్తే ప్రాజెక్టు అధికారితో మాట్లాడి సర్దించండి, ఉన్న పని మీద దీన్ని అదనంగా మోపకండి.

మూడేళ్లు దాటిన పిల్లల దగ్గర మీకు ఎదురయ్యే అసలు ఒత్తిడి తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఊరి చివర ప్రైవేటు బడిలో నాలుగేళ్ల పిల్ల నోటుపుస్తకం నిండా అక్షరాలు దిద్దుతుంటే, ఇక్కడ మా పిల్ల ఆడుకుంటోందేమిటి అని వాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నను అజ్ఞానమని తీసిపారేయకండి. పిల్ల తమలా కూలికి వెళ్లకూడదనే ఆశ అందులో ఉంది. వారికి మాటలతో కాక చేతలతో జవాబివ్వండి. నెలనెలా తల్లిదండ్రులను పిలిచే ఈసీసీఈ (శైశవ సంరక్షణ, విద్య) డే నాడు ప్రసంగాలు పెట్టకుండా, పిల్లలు మట్టి పిసకడం, దారానికి పూసలు గుచ్చడం, విన్న కథను తమ మాటల్లో చెప్పడం, ఆకులను రంగును బట్టి, పరిమాణాన్ని బట్టి వేరుచేయడం వాళ్ల కళ్ల ముందే చేయించండి. పూస గుచ్చగలిగిన వేళ్లే రేపు పెన్సిలు పట్టుకుంటాయని చూపిస్తే చాలామంది అర్థం చేసుకుంటారు. 2020 నాటి జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చెప్పింది. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మూడేళ్లలోపు వారికి నవచేతన, మూడు నుంచి ఆరేళ్ల వారికి ఆధారశిల అనే పత్రాలను తెచ్చింది. అవి చేతిలో ఉండగా మీ సంస్థ మరో పాఠ్యక్రమం తయారు చేయవలసిన అవసరం లేదు. వాటిలోని ఆటలలో ఏవి మీ ఊళ్లకు సరిపోతాయో టీచర్లతో కూర్చుని ఎంచుకోండి.

ఏజెన్సీ గ్రామాలు, తండాలు మీ పరిధిలో ఉంటే భాష గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి. ఇంట్లో కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడే పిల్ల తెలుగు మాత్రమే వినిపించే గదిలో నెలల తరబడి నోరు విప్పదు. ఆ మౌనాన్ని మందబుద్ధిగా రాసేసిన రిజిస్టర్లు నేను చూశాను. నేను పనిచేసిన ఒక గూడెంలో టీచరు మైదానం నుంచి వచ్చినావిడ, ఆయా అదే గూడెం మనిషి. వంట పొయ్యి ముందు ఆయా కోయలో చెప్పే కథలకు పిల్లలందరూ ఆవిడ చుట్టూ చేరేవారు, పలక పట్టుకున్న టీచరు ముందు ఒక్కరూ పలికేవారు కాదు. మేము చేసిన మార్పు చిన్నది. ఉదయం మొదటి అరగంట కథ చెప్పే పని ఆయాది, ఆ అరగంట కూరగాయలు తరిగే పని టీచరుది. టీచరు మొదట కొంచెం నొచ్చుకున్నారు, ఆ తరువాత ఆమే కూరగాయలు తరుగుతూ కోయ మాటలు నేర్చుకున్నారు. పిల్ల ఏ భాషలో జవాబు చెప్పినా అది జవాబే.

కేంద్రానికి అసలు రాని పిల్లల గురించి ఒక పాత సంగతి చెప్పాలి. 1945లో తారాబాయి మోడక్ మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లె పిల్లల కోసం బాలవాడీ మొదలుపెట్టినప్పుడు, పేదవాడల పిల్లలు దాని దాకా రాలేదు. అప్పుడు బాలవాడీనే వాళ్ల ఇళ్ల ముంగిళ్లలోకి తీసుకువెళ్లారు. అంగన్ అంటే ముంగిలి, అంగన్‌వాడీ అనే మాట వెనుక ఆ నడక ఉంది. హాజరు పట్టీలో లేని పేర్లు వెతకండి. ఎస్సీ కాలనీ నుంచి కేంద్రానికి వచ్చే దారి ఎవరి ఇళ్ల ముందు నుంచి వస్తుంది, పెద్దరోడ్డు దాటాలా, ఇటుక బట్టీల దగ్గర ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఎందరు, నడవలేని పిల్ల ఇంట్లోనే ఉండిపోయిందా అనేవి ఇల్లిల్లూ తిరిగితేనే తెలుస్తాయి. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి కేంద్రం లేని వాడ అడిగితే, మూడు నెలలలోగా కేంద్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో ఆదేశించింది. అలాంటి వాడ మీకు కనబడితే దరఖాస్తు రాయడంలో వారికి తోడుండండి.

భద్రత సంగతులు క్లుప్తంగా చెబుతాను, క్లుప్తమైనా వాయిదా వేయదగినవి కావు. వేడి పప్పు గిన్నె నేల మీద ఉండకూడదు, నీటి తొట్టికి మూత ఉండాలి, గ్యాస్ సిలిండరు పిల్లలు కూర్చునే గదిలో ఉండకూడదు, పిల్లను ఎవరూ కొట్టకూడదు, తల్లి అనుమతి లేకుండా పోషణ లోపం ఉన్న బిడ్డ ఫోటో మీ సంస్థ కరపత్రంలోకి వెళ్లకూడదు.

ఇక టీచర్లతో మీ నడవడి. వాళ్లది జీతం కాదు, గౌరవ వేతనం. వాళ్లకు గ్రాట్యుటీ వర్తిస్తుందని చెప్పడానికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. మీకంటే వయసులో పెద్దవారు చాలామంది ఉంటారు. టీచరు గారూ అని పిలవండి, తల్లుల ముందు తప్పు ఎత్తి చూపకండి, శిక్షణకు పిలిస్తే బస్సు చార్జీలు అదే రోజు చేతిలో పెట్టండి. రోజుకు నాలుగు కేంద్రాలు చుట్టి సంతకాలు పెట్టడం కంటే ఒక కేంద్రంలో సగం రోజు ఉండి, మీరూ ఒక ఆట ఆడించి, తడబడి, ఎలా చేస్తే బాగుండేదని టీచరునే అడగడం ఎక్కువ ఉపయోగం. ఒక సూపర్‌వైజరు కింద ఉన్న కేంద్రాల టీచర్లందరూ కలిసే సెక్టారు సమావేశంలో కనీసం గంట అంకెలు పక్కన పెట్టి, ఒక టీచరు తన కేంద్రంలో బాగా నడిచిన ఆటను మిగతావారి చేత ఆడించేలా సూపర్‌వైజరు గారిని ఒప్పించండి. కేంద్రాలు మీవి కావు, ప్రభుత్వానివి, ఊరివి. మీరు రేపు వెళ్లిపోయినా నడిచేవి మాత్రమే ప్రవేశపెట్టండి.

మీ సంస్థ ఆటవస్తువులు ఇవ్వబోతున్నదని రాశారు. ఇచ్చిన బొమ్మలు బీరువాలో తాళం వేసి ఉండడం మీరు చాలాచోట్ల చూస్తారు. అది సోమరితనం కాదు, విరిగితే స్టాకు రిజిస్టరులో ఎవరు జవాబు చెప్పాలనే భయం. బొమ్మలు అరిగి విరిగిపోవడానికే ఇస్తున్నామని, విరిగినవాటికి టీచరు బాధ్యత లేదని, ప్రాజెక్టు అధికారి సంతకంతో ఒక కాగితం ప్రతి కేంద్రానికీ ఇప్పించండి. ఆ కాగితం అందిన వారంలోనే బీరువాలు తెరుచుకోవడం నేను చూశాను.

మూడు నెలల ఫలితం గురించి. ఎత్తు, బరువుల గ్రాఫులలో చెప్పుకోదగిన మార్పు మూడు నెలల్లో రాదు, వచ్చిందని ఎవరైనా చూపిస్తే కొలతను అనుమానించండి. మీ సంస్థకు మూడు సంగతులు చూపించవచ్చు. మొదటి నెలలో మీరు రాసుకున్న నిమిషాలు, అవే కేంద్రాలలో మూడవ నెలలో మళ్లీ కూర్చుని రాసుకున్న నిమిషాలు పక్కపక్కన పెట్టండి. హాజరు పట్టీలో అంతకుముందు లేని ఎందరు పిల్లలు కనీసం వారానికి మూడు రోజులు వస్తున్నారో చెప్పండి. మీరు రద్దు చేయించిన పత్రాలు ఎన్నో రాయండి. తీవ్ర పోషణ లోపం ఉన్న పిల్లల సంఖ్య మాత్రం ఆ మూడు నెలల్లో పెరిగే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే అంతకుముందు కనబడని పిల్లలు అప్పుడే కనబడతారు. ఆ సంఖ్య పెరుగుతుందని సంస్థ పెద్దలకు ఇప్పుడే, నివేదిక ఇవ్వకముందే, ఉత్తరం రాసి పెట్టండి.